ఎక్కడి మాంద్యము, ఎక్కడి మగ్గము

(ప్రసంగ పాఠము)

2011 సంవత్సరపు వేసవిలో ఒక కార్యక్రమపు రికార్డింగు నిమిత్తము మేము మంగళగిరి వెళ్ళితిమి. ఉదయము మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు గుంటమగ్గముల చప్పుడు ఆ నేతవీథులలో ఇంటింట వినవచ్చుచుండును. శబ్దమును పట్టుకొనుటయే మా వృత్తి గనుక ముందుగా ఆ చప్పుడునే పట్టుకొనవలెనని యంత్రమును సిద్ధము చేసికొంటిమి. కాని మేము ప్రవేశించిన యింట మగ్గము నిశ్శబ్దముగా నుండెను. గుంటలో కాళ్ళుంచి కూర్చుండవలసిన గృహస్థు అరుగు మీద కూర్చుండి యుండెను. సంగతి యేమని యడుగగా, నూలు ధర పెరిగినందున సాహుకారు పడుగు ఇచ్చుట మానినాడనియు, పాత ధరకు ఒప్పుకొన్న చీరలను క్రొత్త నూలుతో నేయించినచో తనకు గిట్టదని చెప్పినాడనియు తెలిపెను. ఇంతలో ఇల్లాలు లోపలినుండి వచ్చి, "పత్తి మన పొలాల్లోదే గదండీ! గుంటూరు అవతలికి పోతే ఎటు చూసినా పత్తిచేలే. మరి దాని రేటు చైనావాళ్ళూ అమెరికావాళ్ళూ పెంచటమేమిటండీ? ఎక్కడో ఏదో అయితే మా మగ్గం ఎందుకు ఆగాలి?" అని అడిగినది.

ఆ ప్రశ్నకు ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. నేటి ప్రసంగము ఆ సమాధానమును కూర్చుటకు చేసిన ప్రయత్నము.

కలిమిలేములు కావడికుండలని మన పెద్దలు చెప్పిరి. అర్థశాస్త్రజ్ఞులు దీనినే వ్యాపారచక్రమని యందురు. కొంతకాలము ధరలు పెరుగును, అప్పు సులభముగా పుట్టును, క్రొత్త మిల్లులు లేచును, పనివారికి గిరాకి కలుగును. ఒకనాడు సరకు గిడ్డంగులలో నిలిచిపోవును. అప్పిచ్చినవాడు వెనుకకు అడుగును. ధరలు జారును, మిల్లులు మూతపడును, పనివాడు వీథిన పడును. మరికొంత కాలమునకు నిలువలు తరిగి, వడ్డీ తగ్గి, తిరిగి వ్యాపారము కోలుకొనును. ఈ రాకపోకలను లెక్కలతో మొదట పరిశీలించిన వారిలో ఫ్రెంచి దేశీయుడైన క్లెమెంట్ జుగ్లార్ ముఖ్యుడు. వృత్తిచేత ఆయన వైద్యుడు. 1862లో ప్రకటించిన గ్రంథములో ఆయన ఫ్రాన్సు, ఇంగ్లండు, అమెరికా దేశములలోని వ్యాపారసంక్షోభములను ప్రక్కప్రక్కన ఉంచి చూచి, అవి మరల మరల వచ్చుచున్నవనియు, ఆ దేశములను ఇంచుమించు ఒకే కాలమున తాకుచున్నవనియు గుర్తించెను. దేశముల నడుమ వర్తకము పెరిగిన కొలది ఒకరి జ్వరము మరియొకరికి అంటునన్న మాట ఈనాటిది కాదు.

అయితే వర్తకసంబంధములు లేని కాలము సుఖమయమైన కాలమా? ఈ ప్రశ్నకు గుంటూరు జిల్లా చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, ఈ సీమను ఘోరమైన కాటకము పట్టి పీడించెను. జనులు దానిని నందన కరువనియు, డొక్కల కరువనియు చెప్పుకొనిరి. జిల్లా జనములో మూడవ వంతునకు తక్కువ కాకుండ నశించిరని నాటి అంచనాలు. ఆ కరువునకు లండనులోని వడ్డీ గాని, న్యూయార్కులోని ధర గాని కారణము కాదు. వాన లేకపోయినది. బయటినుండి ధాన్యము తెచ్చుటకు కాలువ లేదు, రైలు లేదు, తగిన బాట లేదు. ఒంటరితనమే నాడు ప్రాణములను తీసినది. ఆ దుఃఖపు జ్ఞాపకము కూడ 1852–55 మధ్య బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట కట్టించుటకు ఒక ప్రేరణమైనది. ఈ విషయమును మనము మరువరాదు. లోకముతో ముడిపడుట వలన మన ఊరి కరువునుండి మనకు రక్షణ కలిగినది. కాని అదే ముడి గుండా పరుల ఊరి కరువు మన గడపలోనికి వచ్చుటకు దారి ఏర్పడినది. ఈ రెండును ఒకే త్రాటికి రెండు కొనలు.

ఆనకట్ట నిర్మాణము పూర్తియైన ఆరేండ్లకే ఆ రెండవ కొన కనబడినది. 1861 ఏప్రిల్‌లో అమెరికాలో అంతర్యుద్ధము మొదలాయెను. ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు వచ్చు దూదిలో నాలుగింట మూడు పాళ్ళకు పైగా అమెరికా దక్షిణ రాష్ట్రములనుండియే వచ్చుచుండెను. ఉత్తరపు నౌకాబలము ఆ రేవులను దిగ్బంధించుటతో లాంకషైరునకు దూది కరవై, వేలకొలది కార్మికులు పస్తులుండిరి. మిల్లుదారుల చూపు భారతదేశము మీద పడెను. ధర అనేక రెట్లు పెరిగెను. గుంటూరు సీమ అప్పుడు కృష్ణా జిల్లాలో చేరి యుండెను. దీని నల్లరేగడి నేలలలో పండు, కొంచెము ఎఱ్ఱజీరగల పత్తికి ఎగుమతి రేవైన కాకినాడ పేరు మీద కొకనాడా పత్తి యని విపణిలో పేరు. ఎన్నడును చూడని దేశములో ఎవరో పోరాడుచుండగా ఇచ్చటి పత్తిరైతునకు డబ్బు కనబడినది.

కాని అదే ధర నేతగానికి పిడుగుపాటైనది. దూది ప్రియమైనచో నూలు ప్రియమగును. నూలు ప్రియమైనచో బట్ట ప్రియమగును. కొనువాడు చిరిగినదే కుట్టుకొని కట్టుకొనును. ఒకే సంఘటన, ఒకే తాలూకాలో, చేనులో నున్నవానికి కలిమియు, మగ్గములో నున్నవానికి లేమియు తెచ్చినది. ఈ సంగతి మన ప్రసంగములో మరల మరల వచ్చును.

1865 ఏప్రిల్‌లో యుద్ధము ముగిసెను. ధర కూలెను. బొంబాయిలో పత్తి డబ్బుతో పుట్టిన కంపెనీలు, సముద్రమును పూడ్చి భూమి చేసెదమని వాటాలు అమ్మిన సంస్థలు నేలమట్టమాయెను. బొంబాయి బ్యాంకు 1868లో మూతబడెను. ధర యెక్కినప్పుడు, ఇది ఎల్లకాలము నిలుచునని నమ్మి అప్పు చేసి చేలు పెంచినవానికే దిగుటలో ఎక్కువ దెబ్బ తగులును. ఇది వ్యాపారచక్రపు మొదటి పాఠము. దీనిని తరువాతి తరములు ప్రతిసారియు క్రొత్తగా నేర్చుకొనవలసి వచ్చుచున్నది.

ఇక 1929వ సంవత్సరపు మహామాంద్యమును గూర్చి చెప్పుకొందము. అక్టోబరులో న్యూయార్కు వాటాల విపణి కూలినది. కలకత్తా టోకుధరల సూచిక 1914 జూలైను 100గా తీసికొన్నచో 1929లో 141 ఉండగా 1933 నాటికి 87కు దిగినది. గుంటూరు రైతు పండించిన ధాన్యము, వేరుసెనగ, పొగాకు, పత్తి అన్నియు పడిపోయినవి. కాని అతడు చెల్లింపవలసిన శిస్తు తగ్గలేదు. పత్రము మీద వ్రాసిచ్చిన అప్పు తగ్గలేదు. బస్తా ధర సగమైనప్పుడు వెనుకటి అప్పు తీర్చుటకు రెండు బస్తాలు అమ్మవలెను. చేతిలో పత్రము మారకుండగనే బాకీ రెట్టింపైనట్లాయెను.

మాంద్యము మన గడపకు వచ్చు త్రోవలు మూడింటిని ఆనాటి అనుభవములోనే చూడవచ్చును. మొదటిది సరకుల త్రోవ. పరదేశమున కొనువాడు కొనుట మానగా మన సరకు ధర పడును. రెండవది ద్రవ్యపు త్రోవ. 1927లో రూపాయి విలువను ఒక షిల్లింగు ఆరు పెన్నీలకు కట్టివేసిరి. ఈ వెల ఎక్కువయనియు, ఎగుమతి చేయు రైతునకు దీనివలన చేతికి వచ్చు రూపాయలు తగ్గుననియు నాడే గట్టి ఆక్షేపణలు వచ్చినవి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారపు ప్రమాణమును విడిచిపెట్టెను. పౌనుతోపాటు రూపాయి కూడ దిగి, బంగారము ధర పెరిగెను. అప్పుడు మన యిండ్లలోని కాసులపేరులు, కంటెలు, గాజులు తాకట్టుకొట్టుల గుండా రేవులకు పోయి ఓడలెక్కినవి. అట్లు ఈ దేశమునుండి కొన్నియేండ్లలో తరలిపోయిన బంగారము వందల కోట్ల రూపాయల విలువ గలది. ఇంటి ఇల్లాలి మెడలోని నగ, లండను నగరపు ద్రవ్యనీతితో ముడిపడి యుండునని ఎవరు తలంచిరి?

మూడవది మనుష్యుల త్రోవ. మన కోస్తా జిల్లాలనుండి వేలకొలది జనులు రంగూను రేవులలో కూలికి పోవుచుండిరి. బర్మా బియ్యపు ధర కూలుచున్న ఆ దినములలో, 1930 మే నెలలో, రేవుపనిని గూర్చి తెలుగు కూలీలకును, బర్మీయులకును నడుమ ఘోరమైన కొట్లాటలు జరిగినవి. పనియు ప్రాణమును రెండును ప్రమాదమున పడి యెందరో స్వగ్రామములకు మరలిరి. ఇంటికి వచ్చు మనియార్డరు ఆగినది.

గుంటూరు జిల్లా నిడుబ్రోలున జన్మించిన ఆచార్య ఎన్.జి. రంగాగారు 1930లో చేనేత పరిశ్రమను గూర్చి ఆంగ్లమున ఒక గ్రంథము ప్రకటించిరి. నేతగాని కష్టమునకు మిల్లుబట్ట ఒక్కటే కారణమని చెప్పి ఊరకుండుట సులభము. నేతగాని బట్టను కొనువాడు రైతు. రైతు చేతిలో డబ్బు లేనప్పుడు నూలు ఎంత చౌకయైనను మగ్గమునకు పని లేదు. 1861లో కావడికి చెరియొక ప్రక్క నున్న రైతును, నేతగాడును 1930 నాటికి ఒకే కుండలో పడిరి. రైతుల ఆందోళనల పిమ్మట, మద్రాసు ప్రభుత్వము 1938లో వ్యవసాయదారుల ఋణవిముక్తి చట్టమును తెచ్చినది. మాంద్యము వచ్చిన తొమ్మిదేండ్లకు గదా! చక్రము త్వరగా తిరుగును. చట్టము నెమ్మదిగా నడచును.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప మొదటి దెబ్బ కొరియానుండి వచ్చినది. 1950 జూన్‌లో ఆ యుద్ధము మొదలు కాగానే దేశములన్నియు ముడిసరకులు నిలువచేసికొన నారంభించెను. దూది, జనుము, రబ్బరు ధరలు ఆకాశమునంటినవి. నిలువలు నిండిన తరువాత కొనుగోళ్ళు తగ్గెను. 1952 ప్రారంభమున ధరలు మన దేశములోను హఠాత్తుగా కూలినవి. ప్రియమైన నూలుతో నేసిన బట్ట, కొనువాడు లేక, నేతవారి యిండ్లలోను సొసైటీల బీరువాలలోను పేరుకొనిపోయినది. చీరలు, ధోవతులు చేనేతకే కేటాయింపవలెనని మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ వాదించిరి. ప్రగడ కోటయ్యగారివంటి చేనేత నాయకులు నేతగాని పక్షమున నిలిచిరి. 1952లో అఖిల భారత చేనేత మండలి పునర్నిర్మితమైనది. 1953లో మిల్లుబట్టపై గజమునకు మూడు దమ్మిడీల అదనపు సుంకము విధించి, దానిని ఖద్దరు చేనేతల అభివృద్ధికి వినియోగించు చట్టము వచ్చినది. అంతకు పూర్వము మాంద్యము వచ్చినప్పుడు నేతగానికి దైవమే దిక్కు. ఇప్పుడు చక్రపు దెబ్బను కొంతవరకైనను కాయుటకు ప్రభుత్వము చేయి యడ్డము పెట్టినది.

అన్ని దేశములకును ఒకే కాలమున కలిమి, ఒకే కాలమున లేమి వచ్చునని తలంపరాదు. మంగళగిరికి దక్షిణముగా నున్న చీరాల, వేటపాలెము ప్రాంతపు మగ్గముల కథ ఇందుకు ఉదాహరణము. అచ్చట నేసిన గళ్ళ రుమాళ్ళు మద్రాసు రుమాలు అను పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు తరతరములుగా ఎగుమతియగుచు వచ్చినవి. నైజీరియాలో నైజరు నదీముఖమున నివసించు కలబారి జనులు ఇట్టి బట్టను ఇంజిరి యని పిలిచి, పుట్టుక మొదలు చావు వరకు శుభాశుభములలో గౌరవముతో వాడుదురు. మన యింట పట్టుబట్టకు గల స్థానము వారి యింట మన నూలు రుమాలునకు కలదు.

1973లో చమురు ధర నాలుగు రెట్లైనప్పుడు భారతదేశము దిగుమతి భారముతో క్రుంగినది. నైజీరియా చమురు అమ్ము దేశము గనుక అచ్చట డబ్బు ప్రవహించినది. చీరాల నేతగాడు కిరసనాయిలు కొనునప్పుడు నష్టపడి, నైజీరియా గిరాకి వలన లాభపడు స్థితి యేర్పడినది. తరువాత చమురు ధర జారగా 1982లో నైజీరియా దిగుమతులను గట్టిగా కట్టడి చేసెను. 1986లో చమురు ధర సగమునకు దిగువకు పడెను. నైజీరియా ద్రవ్యమైన నైరా విలువ కూలెను. మనకు చౌక చమురు లాభము. కాని నైజీరియాను నమ్ముకొన్న మగ్గమునకు అది నష్టము. దేశమంతటికి కలిమి యన్నప్పుడు ఒక వీథికి లేమి కావచ్చును. ఏ త్రాడు ఏ కొయ్యకు కట్టియున్నదో చూచినగాని ఎవరి సంగతి యెట్లుండునో చెప్పలేము.

ఇక మనము ఆ ఇల్లాలి ప్రశ్నకు రావచ్చును. 1991 జూలై తరువాత మన దేశము విపణి తలుపులు వెడల్పుగా తెరచినది. 2005 జనవరి 1న ప్రపంచ వస్త్రవ్యాపారములో దేశములవారీ కోటాలు తొలగిపోయినవి. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమాన్ బ్రదర్సు కూలినది. మరుసటి యేడు, 2009లో, ప్రపంచ సరకుల వర్తకము పరిమాణములో సుమారు 12 శాతము తగ్గినది. అమెరికాలో ఉద్యోగము చేయు కుమారులు గల గుంటూరు జిల్లా గృహములలో ఆ యేడు ఫోను మ్రోగిన ప్రతిసారియు గుండె ఝల్లుమనుచుండెను. రంగూను మనియార్డరు కాలము మరల వచ్చినట్లాయెను.

ఆ మాంద్యకాలమున పత్తి ధర తగ్గినందున అనేక దేశములలో పత్తి విస్తీర్ణము తగ్గినది. నిలువలు కరిగినవి. 2010లో చైనా మిల్లులు మరల జోరుగా తిరుగనారంభించినవి. ఆ ఆగస్టులో పాకిస్తానును మహావరదలు ముంచి పత్తిపంటను పాడుచేసినవి. 2010 మధ్యలో పౌనుకు ఒక డాలరు లోపుండిన అంతర్జాతీయ ధర 2011 మార్చిలో రెండు డాలర్లు దాటినది. మన దేశములో 356 కిలోల కండి ధర 60 వేల రూపాయలను దాటినది. సంవత్సరాంతమునకు అంతర్జాతీయ ధర తిరిగి డాలరు ప్రాంతమునకు దిగెను.

అమ్మా, మీ పత్తి మీ దారి ప్రక్కచేలలోనిదే. కాని దాని ధర ఆ చేనిలో పుట్టదు. గుంటూరు జిన్నింగు మిల్లులోని బేలును షాంఘై మిల్లు కొనగలిగినప్పుడు, షాంఘైవాడు ఇచ్చు ధరకు తక్కువగా మన మిల్లుకెవరును అమ్మరు. ఇది ఆ ప్రశ్నకు సమాధానములో సగము. మిగిలిన సగము నూలు ధర, బట్ట ధర, మజూరీ ఈ మూడును ఒకే వేగమున నడువకపోవుటలో నున్నది. దూది ధర పెరిగిన వారములో నూలు ధర పెరుగును. బట్ట ధర పెరుగవలెనన్న దుకాణదారుడు ఒప్పుకొనవలెను, కొనువాడు ఒప్పుకొనవలెను. అందుకు నెలలు పట్టును. మజూరీ పెరుగుట అన్నింటికన్న కడపటిది. ఈ మధ్యకాలమున నష్టము తనపై పడకుండ సాహుకారు పడుగు ఇచ్చుట మానును. మిల్లుకు నిలువలున్నవి, సాహుకారునకు పెట్టుబడి యున్నది. నేతగానికి ఆ రెండును లేవు, రెండు చేతులు మాత్రమే యున్నవి. అందుచేత లోకపు చక్రము యెక్కునప్పుడును, దిగునప్పుడును మొదట ఆగునది మగ్గము.

మరి ప్రభుత్వము ఎగుమతిని ఆపరాదా యని అడుగవచ్చును. ఆపినది. 2010 ఏప్రిల్‌లో పత్తి ఎగుమతిని నిలిపి, తరువాత పరిమితితో తెరచినది. 2012 మార్చి 5న మరల నిషేధించి, రైతులనుండియు రాష్ట్రములనుండియు ఎదురైన ఆక్షేపణలచే వారములోపలనే సడలించినది. ఎగుమతి ఆపినచో నూలు చౌకయగును, మంగళగిరి నేతగాడు సంతసించును. కాని పదిమైళ్ళ దూరమున నున్న పత్తిరైతు తనకు వచ్చిన ఒక్క మంచి యేడును తన ప్రభుత్వమే లాగికొన్నదని వగచును. 2022లో కండి ధర లక్ష రూపాయలను దాటినప్పుడు ఏప్రిల్ నుండి అక్టోబరు వరకును, తిరిగి 2025 ఆగస్టు 19 నుండి డిసెంబరు 31 వరకును, పత్తి దిగుమతిపై 11 శాతము సుంకము ఎత్తివేయబడినది. మిల్లులు మేలన్నవి. రైతులు కీడన్నారు. కొకనాడా పత్తినాటి కావడి ఇంకను అట్లే ఊగుచున్నది. రైతు పక్షమని ఒక చట్టము, నేతగాని పక్షమని మరియొకటి చేయుటకన్న, ఇరువురిని ఒకేసారి కాపాడు మార్గము కష్టతరమైనను వెదకుట న్యాయము. ధర పడినప్పుడు రైతునకు మద్దతు ధర, ధర యెక్కినప్పుడు నేతగానికి చిలపనూలుపై రాయితీ, ఈ రెండును ఒకే నాణెమునకు రెండు వైపులు. 2025–26కు పొడవుపింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు మద్దతు ధరగా నిర్ణయించిరి. రెండవ ప్రక్క చూచినచో, మిల్లులు తమ నూలులో చిలపలుగా చుట్టి యివ్వవలసిన భాగము 2003 నుండి 40 శాతముగా నుండి, 2019లో 30 శాతమునకు తగ్గింపబడినది.

మిరపరైతు సంగతియు చెప్పవలెను. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దిగునప్పటి ఘాటు ఆ బాటన పోయినవారందరికి తెలియును. మన తేజ మిరపకు చైనా పెద్ద కొనుగోలుదారైనది. కొనువాడు పెద్దవాడైన కొలది వానిపై ఆధారపడుటయు పెద్దదగును. 2020 ఆరంభమున కొవిడ్ వలన చైనాకు ఎగుమతులు చిక్కులో పడినవి. మార్చిలో మన యార్డే మూతపడినది. ఆ యేడు ప్రపంచములో తలసరి ఆదాయము తగ్గిన దేశముల పాలు 1870 తరువాత ఎన్నడును లేనంత ఎక్కువయని ప్రపంచ బ్యాంకు అంచనా వేసినది. తరువాతి యేండ్లలో మిరప ధర యెక్కగా రైతులు విస్తారముగా వేసిరి. 2025 ప్రారంభమున ధర కూలెను. ఆ ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము విపణి జోక్య పథకము క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను, 2.91 లక్షల టన్నుల పరిమితిని ప్రకటింపవలసి వచ్చినది. ఎక్కిన ధరను చూచి పెంచిన చేను, దిగిన ధరకు కోతకు వచ్చుట 1865 నాటి పాఠమే.

ప్రపంచీకరణము పెరిగిన కొలది దేశముల చక్రములు కలిసి తిరుగునా, విడిగా తిరుగునా యని పండితులు చాలకాలము వాదించిరి. పారిశ్రామిక దేశముల ముప్పది యేండ్ల లెక్కలను చూచి ఫ్రాంకెల్, రోజ్ అనువారు 1998లో, వర్తకము ఎక్కువగా నున్న దేశముల చక్రములు ఎక్కువగా కలిసి తిరుగుచున్నవని చెప్పిరి. ప్రతిదేశము తనకు వచ్చిన ఒక్క పనినే పెంచుకొనిపోయినచో చక్రములు విడివడునని పాల్ క్రుగ్మన్ హెచ్చరించి యుండెను. 106 దేశముల 1960–2008 నాటి లెక్కలను పరీక్షించిన కోసే, ఆట్రాక్, ఈశ్వర్ ప్రసాద్ అను మువ్వురు, సంపన్నదేశములు తమలో తాము, ఎదుగుచున్న దేశములు తమలో తాము ఎక్కువగా కలిసి తిరుగుచున్నవనియు, రెండు గుంపుల నడుమ పొందిక తగ్గినదనియు 2012లో ప్రకటించిరి. ఈ మాటలు పరస్పర విరుద్ధముగా కనబడును గాని, మన జిల్లా అనుభవమున అన్నియు ఇముడును. సాధారణ దినములలో చమురు అమ్మువానికిని, కొనువానికిని, పత్తిరైతునకును, నేతగానికిని చక్రములు వేరువేరు. 1930, 2008, 2020 వంటి మహాగాలి వీచినప్పుడు అందరి దీపములును ఒకేసారి రెపరెపలాడును.

అట్లైనచో మనము చేయదగినదేమి? లోకపు తలుపు మూసికొనుటయా? నందన కరువును స్మరించినవారు ఆ మాట అనరు. తలుపు తెరచియుంచుచునే ఇంటిని చక్కబెట్టుకొనవలెను. ఒక్క పంటను, ఒక్క దేశపు గిరాకిని మాత్రమే నమ్మరాదు. చీరాల రుమాలు, గుంటూరు తేజ ఇరువురకును ఈ సంగతి వర్తించును. ధర యెక్కిన యేటి ఆదాయమును శాశ్వతమని తలంచి దాని మీద అప్పు చేయరాదు. పండిన సరకును వెంటనే అమ్ముకొనక ఆగగల శక్తి శీతల గిడ్డంగి వలనను, సరకుపై దొరకు స్వల్పవడ్డీ అప్పు వలనను కలుగును. నేతగానికి ఆ శక్తిని ఇయ్యదగినది సొసైటీ. నూలు చౌకగా నున్నప్పుడు కొని నిలువచేయగల సొసైటీ, నూలు ప్రియమైన నెలలలో మగ్గమును ఆగనీయదు. అట్టి నిలువకు పెట్టుబడి నిచ్చుట ప్రభుత్వముల విధి. మాంద్యము వచ్చిన తరువాత చట్టము చేయుటకన్న, మంచి యేటనే నిధిని కూర్చుట చౌకబేరము. దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనుమని మన సామెత.

మంగళగిరి కొండమీది పానకాలస్వామికి ఎంత పానకము సమర్పించినను అందులో సగమే స్వీకరించి, సగము భక్తునకే విడుచునని జనుల విశ్వాసము. ప్రపంచ విపణికి అట్టి నియమము లేదు. ఒక యేడు బిందె నింపి యిచ్చును, ఒక యేడు బిందెతో సహా పట్టుకొనిపోవును. కావున సగము మిగుల్చుకొను నియమమును మనమే పెట్టుకొనవలెను.

ఆనాడు రికార్డు చేయదలచిన మగ్గపు చప్పుడు మాకు దొరకలేదు. ఆ సంవత్సరాంతమున, దూది ధర దిగిన పిదప, మరల ఆ యింటికి వెళ్ళితిమి. గృహస్థు గుంటలో కూర్చుండి నేయుచుండెను. కడపటి కొడుకు మాత్రము ఆ మధ్యకాలమున ఇంటి పని విడిచి విజయవాడలో ఒక దుకాణమున చేరినాడట. చక్రము మరల పైకి తిరిగినది గాని, ఆ కుఱ్ఱవాడు మగ్గమునకు మరల రాలేదు. లెక్కలలో మాంద్యము కొన్ని నెలలదే. ఆ యింట దాని గుర్తు ఒక తరము వరకు నిలుచును. వ్యాపారచక్రమును గూర్చి ఆలోచించు పెద్దలు ఈ సంగతిని కూడ లెక్కలో చేర్చవలెనని మా మనవి.